క్రియల వలనా, క్రియల కొరకా?

‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ’ అన్న సామెతకు గోదావరి జిల్లాల్లో మతం లేదు. గుడికి వెళ్ళే ఇంట్లోనూ చర్చికి వెళ్ళే ఇంట్లోనూ ఒకేలా వాడతారు. ఎవరబ్బాయికైనా మంచి ఉద్యోగం వస్తే ‘పెట్టి పుట్టాడు’ అంటారు. ఎవరికైనా కష్టమొస్తే ‘ఏం చేసుకున్నాడో ఏమో’ అని నిట్టూరుస్తారు. ఆదివారం పొద్దున ‘కృపచేతనే రక్షణ’ అని, అంటే మనిషి పనులు చూసి కాక దేవుడి దయ వల్లే పరలోకం దక్కుతుందని వాక్యం విన్న మనిషి సాయంత్రం అరుగు మీద కూర్చుని ఈ మాటే అంటాడు. ఇందులో కపటమేమీ లేదు. పుట్టి పెరిగిన భాష వేసే లెక్క ఒకటి, నేర్చుకున్న సిద్ధాంతం వేసే లెక్క ఇంకొకటి. విశ్వాసానికీ సత్క్రియలకీ సంబంధమేమిటన్న క్రైస్తవ వాదం డెల్టాలో ఎక్కడ తడబడుతుందో చూడాలంటే ఈ రెండు లెక్కల మధ్యే వెతకాలి.

కాటన్ దొర సంగతే చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కరువులూ వరదలూ వంతులేసుకున్న నేల అన్నపూర్ణ అయింది. డెల్టా ఊళ్ళలో ఆయన విగ్రహాలు నిలబడ్డాయి. ఆయన్ని భగీరథుడితో పోల్చే సంస్కృత శ్లోకం ఉంది, గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయన పేరు తలుచుకునే బ్రాహ్మణులూ ఉన్నారు. ఇంత నీరు తెచ్చినవాడికి పుణ్యలోకం దక్కకపోతే ఇంకెవరికి దక్కుతుంది అన్నది ఇక్కడి సహజ న్యాయం. ఆర్థర్ కాటన్ గాఢమైన సువార్తిక క్రైస్తవుడు. ఆయన నమ్మిన సిద్ధాంతం ప్రకారం చూస్తే ఆ ఆనకట్ట ఆయన రక్షణకు ఒక్క రాయి కూడా వేయదు. లక్షల మంది ఆకలి తీర్చిన పనీ, ఏ పనీ చేయలేక యేసు పక్కన సిలువ మీద చివరి ఘడియలో ‘నన్ను జ్ఞాపకము చేసికొనుము’ అన్న దొంగ మాటా దేవుడి తీర్పు ముందు ఒకే మెట్టు మీద ఉంటాయి. వినగానే అన్యాయం అనిపించే మాట ఇది. ఆ అన్యాయం గుచ్చుకోకుండా ఈ సిద్ధాంతం అర్థమైందని ఎవరైనా అంటే నమ్మడం కష్టం.

తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలోని ఎనిమిది, తొమ్మిది వచనాలు డెల్టా విశ్వాసుల్లో చాలామందికి కంఠోపాఠం. ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు... అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు.’ ప్రసంగం సాధారణంగా అక్కడ ఆగుతుంది. పౌలు మాత్రం ఆగలేదు. పదో వచనంలో, దేవుడు ముందుగా సిద్ధపరచిన ‘సత్ క్రియలు చేయుటకై’ మనం సృష్టింపబడ్డామని అంటాడు. చిన్నప్పుడు బడిలో విభక్తులు వల్లెవేసినవాళ్ళకి ఇక్కడ జరిగింది వెంటనే పట్టుబడుతుంది. ‘వలన’ పంచమి, ‘కై’ చతుర్థి. క్రియలను పంచమి నుంచి తీసి చతుర్థిలో పెట్టాడు పౌలు. రక్షణకు అవి కారణం కావు, రక్షణ జరిగింది వాటి కోసం. తొమ్మిదో వచనం దగ్గర పుస్తకం మూసేసేవారికి సగం వ్యాకరణమే అందుతుంది.

ఇక బైబిల్లోనే ఉన్న యాకోబు పత్రిక. ‘మనుష్యుడు విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను నీతిమంతుడని యెంచబడును’ అని యాకోబు రాశాడు. దీనికి చతుర్థి అతుకు వేయడం కుదరదు, ‘మూలమున’ అంటే కారణమే. బైబిలు మొత్తంలో ‘విశ్వాసం మాత్రమే’ అన్న మాట వచ్చేది ఈ ఒక్కచోటే. అదీ ‘కాదు’ అనడానికి. ప్రొటెస్టెంటు ఉద్యమానికి మూలపురుషుడు మార్టిన్ లూథర్ 1522లో జర్మన్ అనువాదం చేస్తూ పౌలు రాసిన రోమా పత్రిక 3:28లో మూలంలో లేని ‘మాత్రమే’ అన్న మాట చేర్చాడు, అదే ఏడాది యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడు. లూథరన్లు అధికంగా ఉన్న భీమవరం, రాజమండ్రి ప్రాంతాల్లో ఈ సంగతి పీఠం మీద నుంచి వినిపించడం అరుదు. వినిపిస్తే నష్టమేమీ ఉండదు, ఎందుకంటే ఆ లూథరే అదే 1522లో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో విశ్వాసాన్ని ఒక్క క్షణం ఊరుకోని జీవమున్న వస్తువుగా వర్ణించాడు. మంచి పని చేయాలా అని అది అడగదట. అడిగేలోపే చేసేసి ఉంటుందట.

యాకోబుకూ పౌలుకూ పొత్తు కుదిర్చే దారి అబ్రాహాము కథలో ఉంది. ఇద్దరూ సాక్షిగా నిలబెట్టింది ఆయన్నే. పౌలు పట్టుకున్నది ఆదికాండం 15లోని సంఘటనను. పిల్లలు లేని ముసలాయన ఆకాశంలోని నక్షత్రాలు చూసి దేవుడి మాట నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. యాకోబు పట్టుకున్నది 22వ అధ్యాయాన్ని. ఆ నమ్మకంతో పుట్టిన కొడుకు పెద్దవాడయ్యాక, వాణ్ణి బలిపీఠం మీద పెట్టమన్నప్పుడు తండ్రి వెనకాడలేదు. రెండింటి మధ్య ఏళ్ళు గడిచాయి. చేను నాటిన రోజు గురించి ఒకరు, కుప్ప నూర్చిన రోజు గురించి ఇంకొకరు మాట్లాడుతుంటే ఇద్దరూ పోట్లాడుతున్నారని అనుకోవడం వినేవాడి పొరపాటు.

నిజానికి తెలుగువాళ్ళకి ఈ పోట్లాట అర్థం కాకపోవడమే సహజం, ఎందుకంటే ‘విశ్వాసం’ అన్న మాట మన వాడుకలో ఎప్పుడూ బుర్రలో ఉండలేదు. ‘కుక్కకున్న విశ్వాసం’ అంటాం. కుక్క ఏ సిద్ధాంతాన్ని ఒప్పుకుందని? రాత్రి గుమ్మం ముందు పడుకుంది, కొత్తవాడు వస్తే మొరిగింది, అంతే. తిన్నింటి విశ్వాసం లేనివాణ్ణి విశ్వాసఘాతకుడు అంటాం. తప్పు అతను చేసిన పనిలో ఉంది, నమ్మిన సంగతిలో లేదు. గ్రీకులో ‘పిస్టిస్’ అన్న మాట కూడా నమ్మకాన్నీ నమ్మకంగా ఉండడాన్నీ కలిపే మోసింది. యాకోబు వెక్కిరించింది ఆ రెండో సగం రాలిపోయిన నమ్మకాన్నే. ‘దయ్యములును నమ్మి వణకుచున్నవి’ అన్నాడు. దయ్యాలకు విషయ పరిజ్ఞానం ఉంది. విశ్వాసం లేదు.

అసలు చిక్కు ఇంకో మాటలో ఉంది. గ్రీకులో ‘డికైయో’ అన్న క్రియను పాత తెలుగు బైబిలు రోమా పత్రికలో ‘నీతిమంతులుగా తీర్చబడి’ అని అనువదించింది. పదహారో శతాబ్దంలో ఐరోపా రెండుగా చీలింది ఈ ఒక్క క్రియ అర్థం మీదే. న్యాయమూర్తి నిర్దోషివని ప్రకటించడమా, లేక మనిషిని లోపలినుంచి నీతిమంతుడిగా మార్చడమా? మొదటిది ప్రొటెస్టెంటు గురువులు లూథర్, కాల్విన్‌ల దారి. రెండోది లాటిన్ బైబిలు చదువుకున్న పాశ్చాత్య సంఘం పాత దారి, 1547లో కతోలికుల ట్రెంట్ మహాసభ ఖాయం చేసిన దారి. ఇప్పుడు ‘తీర్చు’ అన్న తెలుగు మాటను నాలుక మీద పెట్టుకుని చూడండి. తీర్పు తీర్చడంలో న్యాయస్థానం ఉంది. తీర్చిదిద్దడంలో బొమ్మ చేసేవాడి వేళ్ళు ఉన్నాయి. అప్పు తీర్చడంలో ఇంకొకరు కట్టిన పైకం ఉంది. వాకిట్లో ముగ్గు తీర్చడంలో పొద్దున్నే లేచిన మనిషి ఉంది. అనువాదకులు ఇంత ఆలోచించి వాడారో, చేతికందిన మాట వాడారో గానీ, ఐరోపాలో కత్తులు దూసుకున్న రెండు అర్థాలూ తెలుగులో ఒకే మాటలో సర్దుకుని కూర్చున్నాయి.

కతోలికులు క్రియలతో పరలోకం కొనుక్కుంటారు అన్న మాట డెల్టాలోని ప్రొటెస్టెంటు ఇళ్ళలో మామూలుగా వినిపిస్తుంది. ఇది తప్పు. దేవుడి కృప లేకుండా తన పనులతోనే మనిషి నీతిమంతుడు కాగలడనేవాణ్ణి ట్రెంట్ మహాసభ మొదటి నిబంధనలోనే శపించింది. తేడా ఆ తరువాతి మెట్టులో వస్తుంది. కృప మొదలుపెట్టిన మార్పులో మనిషి సహకారానికి విలువ ఉందని, ఆ నీతి పెరుగుతుందని కతోలికులు అంటారు. పెరిగేదానికి పరిశుద్ధత అని వేరే పేరు పెట్టి, తీర్పును దానికి ముందే ముగించేస్తారు ప్రొటెస్టెంట్లు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన అర్హతను బట్టి కాక కృప వల్లనే అంగీకరింపబడతామని, ఆ కృపే సత్క్రియలకు బలమిస్తుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాలు దానికి తోడయ్యాయి. గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్ళే కతోలికుడికీ, తాడేపల్లిగూడెంలో లూథరన్ ఆరాధనకు వెళ్ళే అతని పక్కింటాయనకీ మధ్య ఈ విషయంలో ఉన్న గోడ కాగితం మీద చాలావరకు కూలింది. ఊళ్ళో ఆ కబురు ఇంకా అందలేదు.

ఇక్కడినుంచి కథ డెల్టాకు మరీ దగ్గరగా వస్తుంది. ‘విశ్వాసమువలన నీతిమంతులు’ అన్న మాట పౌలు గలతీ పత్రికలో మొదటిసారి ఎత్తింది ఎక్కడ? ఒక భోజనం గొడవ చెబుతూ. అంతియొకయ పట్టణంలో యేసు శిష్యుడు పేతురు యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి యాకోబు మనుషులు కొందరు రాగానే పంక్తి నుంచి మెల్లగా జారుకున్నాడు. మిగతా యూదులూ లేచారు, పౌలు తోటి బోధకుడు బర్నబా సైతం లేచాడు. అందరి ముందూ పేతుర్ని నిలదీశానని పౌలు రాస్తాడు, ఆ వెంటనే 2:16లో ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవడూ నీతిమంతుడు కాడన్న మాట వస్తుంది. 1977లో బైబిలు పండితుడు ఇ.పి. శాండర్స్ మొదలుపెట్టి, జేమ్స్ డన్ లాంటివారు కొనసాగించిన పరిశోధన ఈ సందర్భాన్నే పట్టుకుంది. డన్ లెక్కలో ‘ధర్మశాస్త్ర క్రియలు’ అంటే ముఖ్యంగా సున్నతి, విశ్రాంతి దినం, తిండి నియమాలు. మనవాళ్ళెవరు, పరాయివాళ్ళెవరు అని గీత గీసే క్రియలు. ఈ వాదాన్ని ఒప్పుకోని పండితులు చాలామందే ఉన్నారు, మనిషి సొంత ప్రయత్నమంతా అందులోకి వస్తుందన్న పాత వివరణకు ఇప్పటికీ బలముంది. కానీ తెలుగు చెవికి మాత్రం డన్ చెప్పింది పరిచయం ఉన్న సంగతి.

ఎందుకంటే మోషే పేరు మీద యూదులు పాటించే తోరాకు తెలుగులో పెట్టిన పేరు ‘ధర్మశాస్త్రం’. పంతొమ్మిదో శతాబ్దపు గోదావరి పల్లెలో ఆ మాట ఏ బావిలో ఎవరు నీళ్ళు తోడుకోవాలో, ఏ వీధిలో ఎవరు చెప్పులు విప్పి నడవాలో నిర్ణయించే లెక్క. ‘ధర్మశాస్త్రసంబంధమైన క్రియలు లేకుండ’ అన్న వాక్యం మాల, మాదిగ పేటల్లో మొదటిసారి చదివినప్పుడు విన్నవాళ్ళకు మోషే ఎంత గుర్తొచ్చాడో చెప్పలేం గానీ, పేట ముందున్న గీత గుర్తురాకుండా ఉండదు. ఆ వాక్యం చదివినవాళ్ళెవరన్నది కూడా ముఖ్యమే. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ తమ భార్యలతో వచ్చి, తరువాత నర్సాపురం చుట్టుపక్కల పాతుకున్నారు. బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు శాఖవాళ్ళు, వెనక జీతమిచ్చే మిషను సంస్థ లేనివాళ్ళు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. తోలుపని అంటుగా ఎంచిన సమాజానికి చెప్పులు కుట్టే దొర వచ్చి, పరలోకానికి పుట్టుకతో గానీ ఆచారంతో గానీ పని లేదని చెప్పాడు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న కూలీల మధ్య బౌడెన్ బోధించాడు. రాజమండ్రిలో 1845లో జర్మన్ మిషనరీ వాలెట్ మొదలుపెట్టిన పని తరువాత అమెరికా లూథరన్ల చేతికొచ్చింది. 1874లో కాకినాడలో కెనడియన్ బాప్తిస్టులు దిగారు. వాళ్ళ మధ్య బాప్తిస్మం గురించి ఎన్ని తగువులున్నా ఈ ఒక్క మాట ఉమ్మడిది.

మరి ఇప్పుడు? ఒకే శాఖకు ఒకే ఊళ్ళో రెండు గుళ్ళు, ఈ పేటకొకటి ఆ పేటకొకటి ఉండడం డెల్టాలో వింత కాదు. పెళ్ళి సంబంధం దగ్గర ‘విశ్వాసుల కుటుంబం కావాలి’ అన్న మాట పక్కనే కులం పేరు కూడా ఉంటుంది. అంతియొకయ పంక్తి ఇక్కడ రోజూ లేస్తూనే ఉంది. ‘క్రియల వల్ల రక్షణ లేదు’ అని గట్టిగా బోధించే సంఘమే పుట్టుక అనే క్రియను వెనక గుమ్మంలోంచి లోపలికి రానిస్తే, పౌలు నిలదీసింది పేతురునొక్కణ్ణే కాదని అర్థమవుతుంది. విశ్వాసం, క్రియల చర్చలో డెల్టా ప్రసంగాలు అన్నిటికన్నా తక్కువ తాకేది ఈ చోటునే. తాకాల్సింది కూడా ఈ చోటునే.

ఈ సిద్ధాంతాన్ని కాలువ పోలికతో చెప్పడం ఇక్కడ తేలిక. రైతు గోదావరిని పుట్టించలేదు, ఆనకట్ట కట్టలేదు. జూన్‌లో నీళ్ళు వదిలితే తూము తెరుచుకుంటాడు. తూము తెరవడం విశ్వాసం, పంట క్రియ. బోదెలో గుర్రపు డెక్క పేరుకుంటే తప్పు నీటిది కాదు. పోలిక బాగానే ఉంది గానీ రెండు చోట్ల తెగుతుంది. కాలువ నీటికి తీరువా కట్టాలి, కృపకు తీరువా లేదు. రెండోది కాస్త చేదు. ఆ కాలువలు తవ్విన చేతుల్లో చాలావాటికి సొంత చేను లేదు. నీరు వాళ్ళ భుజాల మీదుగా వేరేవాళ్ళ పొలాల్లోకి పారింది. ‘నీ పనిని బట్టి కాదు’ అన్న మాట పని చేసీ చేసీ ఏమీ దక్కని మనిషికి ఒకలా వినిపిస్తుంది, చేయించుకున్నవాడికి ఇంకోలా. ఒకరికి అది విడుదల. రెండోవాడికి కూలి బాకీ ఎగ్గొట్టే సాకు కూడా కాగలదు. యాకోబుకు ఈ సంగతి తెలుసు. చేలు కోసిన పనివాళ్ళకు ఇవ్వక బిగబట్టిన కూలి మొరపెడుతోందని అదే పత్రిక అయిదో అధ్యాయంలో రాశాడు.

ఇటీవలి ఇంకో మలుపు విశ్వాసాన్నే క్రియగా మార్చేయడం. స్వస్థత కూటాల్లో జబ్బు తగ్గనివాళ్ళకు దొరికే సమాధానం తెలిసిందే: ‘నీ విశ్వాసం చాలలేదు.’ అంటే విశ్వాసానికీ తూకం వచ్చింది, ఇంత పెడితే ఇంత ఫలం. పేరు మారింది గానీ ఇది చేసుకున్నవారికి చేసుకున్నంతే. కాల్విన్ విశ్వాసాన్ని ఖాళీ పాత్రతో పోల్చాడు. పుచ్చుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు, దాని విలువ అందులో పోసినదాన్ని బట్టే. ఖాళీ పాత్రను తూకానికి పెట్టేవాళ్ళు ఏం అమ్ముతున్నట్టు? కానుక కవరు మీద ప్రార్థన అంశం రాసి ఇవ్వడంలో తప్పు లేకపోవచ్చు. కానీ జరిగితే ఇంత ఇస్తానన్న క్షణంలో అది మొక్కుబడి అవుతుంది. మొక్కు తీర్చుకోవడంలో ఉన్నదీ ఆ ‘తీర్చు’ అన్న మాటే, కాకపోతే తీర్చేవాడు మారిపోయాడు.

బయటినుంచి చూస్తే బదులుగా చేసిన పనీ, కృతజ్ఞతగా చేసిన పనీ ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా ఇదే. కోత పండుగ నాడు చర్చిలో బలిపీఠం ముందు వరి కంకుల కట్టలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక కొబ్బరికాయ బజారు ధరకు పదింతలు పలుకుతుంది, పాడినవారి పేరు మైకులో రెండుసార్లు వినిపిస్తుంది. సరదాగానే ఉంటుంది, ఆ డబ్బు సంఘానికి పనికొస్తుంది కూడా. అయితే మత్తయి సువార్త 25లో, నాకు అన్నం పెట్టారు, బట్ట ఇచ్చారు అని రాజు మెచ్చుకుంటే, ఆయన కుడివైపున నిలబడ్డవారు ‘ప్రభువా, ఎప్పుడు?’ అని అడుగుతారు. ఎవరికి అన్నం పెట్టారో, ఎవరికి బట్ట ఇచ్చారో వాళ్ళకు గుర్తు లేదు. మైకు లేని చోట చేశారు మరి.

అలాంటి చోటు ఒకటి చాలా ఇళ్ళలో వంటగదిలోనే ఉంది. ఎసరు మరిగాక, కడిగి పెట్టుకోబోయే బియ్యంలోంచి ముందుగా ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళుతుంది. ఎవరు ఎంత తెచ్చారో ఎవరూ రాయరు, అందరివీ ఒకే గోనెలో పోస్తారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, దాళ్వా పాతబియ్యం అన్నీ కలిసిపోతాయి. అన్నం వండితే సగం మెతుకు ఉడికి సగం పలుకుంటుంది. ఆ బియ్యం కొంత పాస్టరుగారింటికి, కొంత పేటలో ఆసరా లేని ముసలామెకు వెళుతుంది. ఆమె కూడా పొయ్యి మీద ఎసరు పెట్టుకుని, ఆ కలగాపులగం బియ్యం చేటలోకి ఒంపుకుని, రాళ్ళు ఏరుకుంటుంది. గిన్నెలో వేసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి తన డబ్బాలో వేస్తుంది.